గొళ్ళెం పాట

"తాళంచెవి ఇయ్యమ్మా."

"ఇయ్య."

"జెర ఇనరాదే. ఎల్లుండే షో. గిటార్లు లోపల, డ్రమ్స్ లోపల, అన్నీ లోపలనే. నువ్వు తాళమేసి కూసుంటే మేం యాడ ప్రాక్టీస్ చెయ్యాలె?"

"చెయ్యకుండ్రి."

శ్యామలమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి అక్కడే. పొయ్యి వెలిగించలేదు, బియ్యం కడగలేదు. మేడమీద గదికి వేసిన తాళం రెజిమెంటల్ బజార్‌లో భర్త అమ్మే వాటిల్లోకెల్లా పెద్దది. దాని చెవి ఆమె కొంగుముడిలో ఉంది. ఆ ముడి విప్పించడం చిన్నకొడుకు వల్ల అయ్యే పని కాదని చూసేవాళ్ళెవరికైనా తెలుస్తుంది, ఒక్క ఆ విజయేందర్‌కు తప్ప.

సోఫా అంచున జెరెమియా తల వంచుకుని కూర్చున్నాడు. డ్రమ్ముల మీద పిడుగులు కురిపించే చేతులు బుద్ధిగా ఒళ్ళో ఉన్నాయి. ఈ గొడవ తెచ్చిపెట్టింది తనేనని అతనికి తెలుసు. నిన్న సాయంత్రం మేడమీద కొత్త పాట పెద్ద స్పీకరులో పెట్టుకుని వింటున్నాడు. శ్యామలమ్మ ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. "ఆంటీ, జెర లోపలికి రండి. ఇది మీ పాటే, మీ మాటలే" అని పిలిచి మరీ వినిపించాడు. ఆమె సంతోషపడుతుందనుకున్నాడు పాపం.

ఆమె పాట పూర్తిగా వింది. బట్టలు అక్కడే వదిలేసి కిందికి దిగింది. రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లారేసరికి గదికి తాళం పడింది.

"నల్లరేగడి" బ్యాండు మొదటి ఆల్బమ్ పాడినవాడు ఆమె పెద్దకొడుకు భానుప్రకాశ్. ట్రాఫిక్ మీద, కరెంటు కోతల మీద, పెళ్ళిచూపుల మీద చెవులు చిల్లులు పడే పాటలు. ఎంత గోల చేసినా వాటి అడుగున నవ్వుండేది. ఆ నవ్వు ఇక చాలు, లోపలి చీకటి పాడదామన్నాడు విజయేందర్. నవ్వు లేని పాట నేను పాడనన్నాడు భాను. ఆ తగువు మీదే పోయిన వానాకాలం ఒక షో నుంచి అన్నదమ్ములిద్దరూ వేరువేరు బళ్ళ మీద బయలుదేరారు. ఆ రాత్రే మెట్టుగూడ దగ్గర వానలో భాను బండి జారింది.

ఇప్పుడు రెండో ఆల్బమ్ సిద్ధమైంది. విజయేందర్ కోరుకున్నట్టే అందులో ఎక్కడా నవ్వు లేదు. పాడింది భాను భార్య నీహారిక.

మొగుడు పోయిన పిల్ల నల్ల బనీను వేసుకుని మైకు ముందు అరుస్తోందని వీధంతా చెవులు కొరుక్కుంది. మోండా మార్కెట్‌లో ఎవరో శ్యామలమ్మ మొహం మీదే అన్నారు. చేతిలో బెండకాయలు గంపలో విసిరికొట్టి, "అరుస్తది. నా కోడలు. మీ గొంతులేమన్న అరుగుతున్నయా?" అని అడిగి వచ్చిన మనిషి ఆమె. అందుకే ఈ దెబ్బ ఆమెకు అంత లోతుగా తగిలింది.

"అత్తయ్యా."

నీహారిక లోపలి గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుంది. స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్పే ఉద్యోగం ఆమెది. ఇవాళ సెలవు పెట్టింది.

"విజయ్‌ని ఏమీ అనకండి. ఆ మాటలు పాటలో పెట్టింది నేను."

"నాకెరుకే. వానికంత తెలివి యాడిది?"



"మీరు విని ఏడుస్తారనుకున్నాను. కోపమొస్తుందనుకోలేదు."

"మంచిగ పాడినవ్ బిడ్డా. అదే నా తక్లీఫ్. పాడుగ పాడితే చెవులు మూసుకుని పోయేదాన్ని." శ్యామలమ్మ మొదటిసారి కోడలి వైపు తలెత్తింది. "సావు కాడ ఏడ్సుడంటే ఏమనుకున్నవ్? ఆడ నోటికేదొస్తే అదంటం. మొగన్నంటం, తోడికోడల్నంటం, దేవున్నంటం. మా అత్త సచ్చినప్పుడు మా ఆడిబిడ్డ నన్ను పేరు పెట్టి ఏడ్సింది. నా తల్లికి కడుపుకింత పెట్టలేదమ్మా ఈమె అని, ఊరంత ఇనంగ. దినాలైనంక ఇద్దరం పక్కపక్కన కూసొని తిన్నం. గట్లెందుకన్నవని నేనడగలే, ఆమె చెప్పలే. ఇప్పటిదాంక అడగలే."

"నాకు తెలియదత్తయ్యా."

"శోకంల అన్న మాట పీనుగతోనే పోతది. దాన్ని ఎన్కకు తెచ్చేటోళ్ళుండరు. నువ్వు తెచ్చినవ్. తెచ్చి, దానికి డప్పులు పెట్టి, ఊరి మీద ఇడుస్తున్నవ్."

నీహారిక వేళ్ళు చున్నీ అంచును మెలిపెట్టసాగాయి. మల్కాజిగిరిలోని ఆమె పుట్టింటి వాళ్ళు భీమవరం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆ ఇంట్లో ఎవరైనా పోతే ఆడవాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకుని, కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, కాఫీలు కలుపుతారు. ఇలా గుండెలు బాదుకుంటూ, పేర్లు పెట్టి, లెక్కలన్నీ శవం ముందు పరిచి ఏడవడం ఆమె ఈ ఇంట్లోనే చూసింది. అది పాటలా విన్నది. దానికి ఇలాంటి కట్టుబాటు ఉందని చెప్పినవాళ్ళు లేరు.

"మాటలన్నీ కాదుగా అత్తయ్యా మీ బాధ. ఒక్క మాటే."

"అవ్. ఒక్క మాటనే."

ఆ మాట హాల్లో ఉన్న నలుగురికీ తెలుసు. 

*గొళ్ళెం బెట్టిండు నీ నాయిన కొడుకా, గోడ లెక్క పన్నడు నీ నాయిన.*

"మీ మామకు తెల్వదు," అంది శ్యామలమ్మ గొంతు తగ్గించి. "మొగోళ్ళంత బయట షామియాన కింద ఉన్నరు. నా ఏడుపు ఆయన చెవిన పడలే. యాడాదయింది. అన్నం పెడుతున్న, చాయ్ ఇస్తున్న, షుగర్ గోలీలు యాదిచేస్తున్న. ఆయన మొకం జూసి ఆ మాట మల్ల అనలే. ఇగ శనివారం మైకుల చెప్తరా? నీ పెండ్లాం నిన్ను కొడుకును సంపినోడన్నదని?"

"అది అబద్ధమా అత్తయ్యా?"

"వదినా," అన్నాడు విజయేందర్.

"అడగనీ విజయ్." నీహారిక మెత్తగానే అంది కానీ ఆగలేదు. "ఆ రాత్రి ఆయన ఫోన్ చేసింది నాకు. నేను మా అమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. 'గొళ్ళెం పెట్టుకున్నరు నీహా, ఎంత కొట్టినా తీస్తలేరు, తడిసిపోయిన, నీ దగ్గరకే వస్తున్న' అన్నారు. తువ్వాలు తీసి పెట్టుకుని, గుమ్మంలో కూర్చున్నాను. అదే ఆఖరి మాట."

"నాకు తెల్వదా బిడ్డా? 'ఈ రాత్రి గిట్ల లేటొస్తే తలుపు తీసేది లేదు' అని పొద్దుగాల ఆయననే గద అన్నడు. అన్నట్టే చేసిండు. నేను నిద్ర గోలీ ఏసుకుని సోయి లేకుంట పన్న."

"మరి నిజమే కదా."

"నిజమే. నిజమైతే మాత్రం? నిజమని ఆయన్ని సంపుకోవాల్నా? ఒకన్ని మింగినంక ఇంకొకన్ని గూడ మింగాల్నా ఈ ఇల్లు?"

బయట వీధిలో ఉల్లిగడ్డల బండివాడు మైకులో ధర చెప్పుకుంటూ వెళ్ళాడు. 

"ఒక పని చేద్దం," అన్నాడు విజయేందర్. అందరికంటే ముందు తనే చెమటలు తుడుచుకుంటున్నాడు. "ఒక్క లైన్ తీసేద్దం. గొళ్ళెం మాట తీసేస్తే అయిపాయె. అమ్మ ఖుష్, వదిన ఖుష్. మిగతా పాట మిగతా పాటనే."

"పాట పేరే గొళ్ళెం," అంది నీహారిక.

"పేరు మారుద్దం. పేరుదేముంది?"

"ఆ మాట మీదకి రావడానికే మిగతా పాటంతా ఉంది. నీకు తెలీదా? ట్యూన్ కట్టింది నువ్వే."

"కట్టిన. ఇప్పుడు వద్దంటున్న. మొదట్ల గూడ వద్దనే అన్న, నువ్వే ఇనలే."

"అవునవును," అని అనవసరంగా కల్పించుకున్నాడు జెరెమియా. "ఆ పాట రికార్డింగ్‌ల భాయ్ ఒక్క టేక్ వాయించి బయటకెళ్ళిపోయిండు. మిగతా పాటలకు మా పానాలు తోడేసిండు, వంద టేకులు. ఈ ఒక్కదానికి మాత్రం ఓకే అనేసి, చెప్పులు గూడ వేసుకోకుండ..."

"జెరెమియా, నువ్వు జెర నోరు మూస్తవా? నిన్నటి సంది నువ్వు చేసింది చాలదా?"

జెరెమియా నోరు మూశాడు. విజయేందర్ అంత గట్టిగా అరవడం వాళ్ళమ్మకు కూడా కొత్తగా ఉంది.

నీహారిక వచ్చి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, ఆ రోజు నేను ఏడవలేదు. గుర్తుందా? స్తంభం పక్కన నిలబడిపోయాను. మీ చుట్టాలు రాయి అన్నారు, గుండె లేనిదన్నారు. నాకు వినబడింది."

"అన్నోళ్ళ నోట్ల మన్ను వడ."

"వాళ్ళన్నదీ నిజమే. నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఇరవై ఏళ్ళు సంగీతం నేర్చుకున్నాను, గొంతు పెగల్లేదు. మీరు ఏడుస్తుంటే వింటూ నిలబడ్డాను. ఒక్కొక్క మాటా లోపలికి పోయింది. ఈ ఏడాదంతా బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఆ మాటలే అనుకున్నాను. బస్సులో అనుకున్నాను. మీ మాటల మీదే బతికానత్తయ్యా. నాకు వేరే ఏడుపు లేదు."

శ్యామలమ్మ కళ్ళు నిండాయి. పెదవులు బిగించి అటు తిరిగింది. కొడుకు పోయిన ఇంట్లో తను ఒక్కతే ఏడ్చిందనుకుంది ఇన్నాళ్ళూ. ఈ పిల్ల ఆ ఏడుపునే దాచుకుని బతికిందంటే ఆమె మనసు ఒక్కసారిగా మెత్తబడింది. చేయి దానంతటదే కొంగుముడి మీదికి వెళ్ళింది.

"బిడ్డా," అంది. "ఆ ఒక్క మాట..."

తలుపు తెరుచుకుంది.

ఆ ఇంటి తలుపు నెడితే తెరుచుకుంటుంది. భాను పోయిన నాటి నుంచి లోపలి గొళ్ళెం ఎవరూ వేయడం లేదు. రాత్రిళ్ళు ఒక ప్లాస్టిక్ కుర్చీని తలుపుకు ఆనించి పడుకుంటారు. ఊరందరికీ తాళాలు, గొళ్ళేలు అమ్మే మనిషి ఇంట్లో పరిస్థితి ఇది.

శ్యామలమ్మ భర్త వీరయ్య చెప్పులు విడుస్తూ లోపలికి వచ్చాడు.

"క్యారియర్ రాలే," అన్నాడు. "చూసి చూసి వచ్చిన."

 ఆయన వంటింట్లోకి తొంగి చూశాడు. చల్లటి పొయ్యి చూశాడు. గడప మీద భార్యను, నేల మీద కోడలిని, గోడ దగ్గర కొడుకును వరసగా చూశాడు.

"ఏమైంది?"

"ఏం కాలే. నువ్వు కూసో, ఉప్మా చేస్త."

"పొద్దటి సంది పొయ్యి ముట్టియ్యనిదానివి, నన్ను చూడంగనే ఉప్మా చేస్తనంటే పెద్దదే ఏదో అయ్యుంటది." ఆయన సోఫాలో జెరెమియా పక్కన కూర్చున్నాడు. "నువ్వు చెప్పు కొడుకా. వీళ్ళు చెప్పరు. నీకు అబద్ధమాడ రాదు."

జెరెమియా అందరి మొహాలూ చూశాడు. ఎవరి మొహంలోనూ సాయం దొరకలేదు.

"పాట, అంకుల్."

"ఏం పాట?"

"కొత్త పాట. ఆంటీకి పసందు కాలే."

"మీ పాటలు నాకూ పసందు కావు. అందుకని నేను పొయ్యి బందు పెట్టిన్నా? పెట్టు, నేను గూడ ఇంట."

"వద్దు," అంది శ్యామలమ్మ. లేచి నిలబడింది. "వద్దన్న. నీకు పొద్దటి సంది కడుపుల ఏం లేదు, ఇప్పుడు పాటలేంది?"

"పెట్టు జెరెమియా."

"నాయినా, తర్వాత ఇందువు తియ్యి..."

"పెట్టుమన్న."

గట్టిగా అనలేదు. కానీ ఆ ఇంట్లో ఆయన మెల్లగా అన్న మాటకే ఎక్కువ బరువు. జెరెమియా ఫోన్ తీశాడు. శ్యామలమ్మ వంటింటి తలుపు రెక్క పట్టుకుంది.

ఆ పాటకు ముందు గిటారు లేదు, డ్రమ్ములు లేవు. నీహారిక గొంతొక్కటే, ముందు సన్నగా, పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో మొదలవుతుంది. *వానల నానొచ్చిన కొడుకా, వాకిట్ల నిలబడ్డ కొడుకా.* తర్వాత మెల్లగా గొంతు అడుక్కు దిగుతుంది. దిగి దిగి, ఆమెదని నమ్మలేనంత లోతు నుంచి గరగరమంటూ లేస్తుంది. అప్పుడు ఒక్కసారిగా అన్ని వాద్యాలూ మీద పడతాయి. ఫోనులోంచి కాబట్టి వాద్యాలు పేలవంగా వినిపించాయి. మాటలు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

*గొళ్ళెం బెట్టిండు నీ నాయిన కొడుకా.*

శ్యామలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. నీహారిక మూసుకోలేదు. మామగారి మొహాన్నే చూస్తోంది. అక్కడ కోపం వస్తుందేమో, కన్నీళ్ళు వస్తాయేమో, ఆయన ఎదురు తిరుగుతాడేమో అని చూస్తోంది. ఏడాదిగా ఆ మాటకు బదులు కావాలని తన గొంతే అరిచింది కదా.

వీరయ్య దుకాణం తాళాల గుత్తిని అరచేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పాట అయిపోయింది.

"మల్లొకసారి పెట్టు," అన్నాడు.

రెండోసారీ చివరిదాకా విన్నాడు. ఈసారి విజయేందర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఈ మాట నువ్వన్నవా?" అని భార్యను అడిగాడు వీరయ్య.

"శోకంల అన్న," అంది శ్యామలమ్మ. 

"శోకంల అన్నవా. అయితే అడగ."

ఆమె తలుపు రెక్క వదిలి నేల మీద కూలబడింది. ఏడాది పొడవునా భయపడింది ఈ క్షణానికే. ఆయన ఆ ఒక్క మాటతో దాన్ని దాటేశాడు. ఏడుపు ఆపుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

"నిన్నడుగుత బిడ్డా," అన్నాడు వీరయ్య కోడలితో. "మంచిగ పాడినవ్. నా కొడుకు గూడ గింత మంచిగ పాడలే. కని శనివారం వేలమంది ముందట పాడుతున్నవ్ గద, అందుకని చెప్తున్న. ఇంట్ల అనుకున్నన్ని రోజులు ఊకున్న. పాటల పడ్డంక ఊకుంటే అదే నిజమైతది."

"ఏది మావయ్యగారూ?"

"గొళ్ళెం నేను పెట్టలే."

నీహారిక లేచి నిలబడింది.

"పొద్దుగాల కోపంల అన్న. అన్నోన్ని రాత్రి తలుపు ఊకెనే దగ్గరికేసి పన్న. వాడొస్తడు గద, తడుస్తడు గద అని." వీరయ్య తాళాల గుత్తిని బల్ల మీద పెట్టాడు. "దర్వాజ దబదబ కొడుతుంటే మెలకువచ్చింది. లేచి కండ్లద్దాలు దేవులాడుకుని ఈ గదిలకు వచ్చేసరికి బయట బండి స్టార్టయి పోతనే ఉంది. తలుపు కాడ ఒకలు నిలబడి ఉన్నరు. గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకుని. ఆ మొకం చూసినంక, నేనే పెట్టిననుకోనీ అని ఊకున్న. ముసలోన్ని, నాకేమైతది."

"ఎవరు?" అంది నీహారిక.



శ్యామలమ్మ ఏడుపు ఆగింది. ఆ రాత్రి ఇంట్లో ఉన్నవాళ్ళెవరో ఆమెకు లెక్క పెట్టాల్సిన పని లేదు. తను మందు మైకంలో ఉంది. భర్త సంగతి ఆయనే ఇప్పుడు చెప్పాడు. షో నుంచి అన్న కంటే ముందు ఇల్లు చేరినవాడు ఇంకొక్కడే. ఆమె తల మెల్లగా కిటికీ వైపు తిరిగింది.

"విజ్జూ," అన్నాడు వీరయ్య. ఆ పిలుపులో కోపం లేదు, అందుకే వినలేకుండా ఉంది. "ట్యూన్ నువ్వే కట్టినవట. మరి మీ వదిన ఏం పాడాల్నో గూడ నువ్వే చెప్పు. నీ నాయిన అనే ఉంచమంటవా?"

విజయేందర్ ఇటు తిరిగాడు. వదిన వైపు చూడలేదు. తల్లి వైపు చూడలేదు. బండి తాళాలు జేబులో ఉన్నాయో లేదో తడుముకున్నాడు.

"నేను జెర బయటికి పోయొస్త," అన్నాడు.

రెండు అంగల్లో తలుపు దగ్గరికి వచ్చేశాడు. కానీ శ్యామలమ్మ అప్పటికే లేచింది. మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడానికే మూలిగే మనిషి, కొడుకు కంటే ముందే తలుపు చేరింది. ప్లాస్టిక్ కుర్చీని కాలితో పక్కకు తన్నింది.

ఏడాదిగా ఎవరూ ముట్టని గొళ్ళెం. తుప్పు పట్టి, మొదట కదలలేదు. ఆమె రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా మోపి లాగింది. అది కీచుమని అరిచి పడింది.

శ్యామలమ్మ దాని మీదే చెయ్యి పెట్టుకుని, తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"ఇయ్యాల ఎవ్వలు బయటికి పోరు," అంది. "చెప్పు కొడుకా."